గండికోటకు జనరేటర్ తీసుకెళ్తున్నారా? కొనే ముందు ఈ లెక్క చూడండి

చలికాలం మొదలైతే చాలు, శని, ఆదివారాల్లో జమ్మలమడుగు నుంచి గండికోట పోయే రోడ్డు మీద బండ్ల సందడి పెరుగుతుంది. కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, కర్నూలు నుంచి కుటుంబాలు, బెంగళూరు, హైదరాబాద్ నుంచి ఉద్యోగాల పిల్లలు వచ్చి పెన్నా లోయకు దగ్గర్లో టెంట్లు వేసుకుంటారు. కొందరు టెంపో ట్రావెలర్‌లో పరుపులు, చిన్న వంటగట్టు పెట్టించుకుని బండిలోనే పడుకుంటున్నారు. (సీట్లు తీయించే ముందు ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. ఆర్‌సీలో ఎక్కకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు వాళ్లు అదే పట్టుకుంటారు.) కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇంటి ట్రెయిలర్లు అమెరికా వీడియోల్లో కనిపిస్తాయి గానీ మన రోడ్ల మీద అరుదు. మనది వ్యాను, టెంటు, బిర్యానీ డేగిసా పద్ధతి.

ఈ ఏర్పాటులో అందరూ చివరికి వచ్చి ఆగేది కరెంటు దగ్గర. లైట్లు కావాలి, ఫోన్లు చార్జింగ్ కావాలి, ఇంట్లో పెద్దవాళ్లకు ఫ్యాన్ కావాలి. "ఒక జనరేటర్ తీసేసుకుందాం" అనే మాట అప్పుడే వస్తుంది. షాపుకు పోతే అక్కడ మొదటి ప్రశ్న, "ఎన్ని కేవీఏ కావాలి భాయ్?" దానికి జవాబు చెప్పే ముందు తేల్చుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. అందులో మొదటిది డబ్బు సంగతి కాదు.

వడకరలో ఏం జరిగింది

2024 డిసెంబర్‌లో కేరళలోని కోజికోడ్ జిల్లా వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. గొడవ లేదు, దెబ్బల్లేవు. ఏసీ కోసం బండిలోని జనరేటర్ నడుస్తూ ఉంది. తర్వాత కోజికోడ్ ఎన్‌ఐటీ నిపుణులు అదే బండిలో పరీక్ష చేసి చూశారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బండి అడుగు భాగంలోని రంధ్రం గుండా లోపలికి వచ్చిందని, రెండు గంటల్లోనే దాని మోతాదు 900 పీపీఎం దాటిందని తేల్చారు. ఇంట్లో గాలికి గంటసేపటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు సుమారు 30 పీపీఎం.

ఈ వాయువుకు వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది గానీ ఒంటికి ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, తర్వాత కడుపులో తిప్పడం, తూలడం. పగలైతే మనిషి లేచి బయటికి వస్తాడు. రాత్రి నిద్రలో ఉన్నవాడికి ఈ మెట్లేవీ తెలియవు.

అందుకే జనరేటర్ కొనాలా వద్దా, ఏది కొనాలి అనే దానికంటే ముందు అది ఎక్కడ నిలబడుతుందో తేల్చుకోవాలి. టెంటుకు, బండికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం మనుషుల వైపు కాకుండా, గాలి మన వైపు నుంచి దాని వైపు పోయేలా పెట్టాలి. వ్యాను డిక్కీలో పెట్టి తలుపు తెరిచి ఉంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. బండి కింద పెట్టడం అంతకంటే పెద్ద పొరపాటు. లోయ అంచున గాలి రాత్రికి దిక్కు మారుతూ ఉంటుంది, కాబట్టి 20 అడుగులు తక్కువలో తక్కువ. 40 అడుగులైతే నిశ్చింత. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బండిలో పడుకునేవాళ్లకు అది అదనపు సామాను కాదు.

ఇంకో మాట. కబాబ్‌లు కాల్చుకున్న బొగ్గుల కుంపటిని చలికి వెచ్చగా ఉంటుందని టెంటు లోపలికి తెచ్చుకునే అలవాటు ఉంది. జనరేటర్ చేసే పనే ఆ కుంపటీ చేస్తుంది. నిప్పు బయటే ఆరిపోవాలి.

రాత్రికి నిజంగా ఎంత కరెంటు కావాలి

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఎనిమిది మంది ఉన్న కుటుంబం, మూడు టెంట్లు అనుకుందాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, ఐదు గంటలు వెలిగితే 180 వాట్-అవర్లు. ఎనిమిది ఫోన్లు, ఒక్కోదానికి 15 చొప్పున 120. ఇంట్లో పెద్దాయనకు నిద్రలో ఊపిరి కోసం సీప్యాప్ మిషన్ ఉంటే, గంటకు 40 చొప్పున ఎనిమిది గంటలకు 320. మొత్తం 620. అంటే ముక్కాలు యూనిట్ కూడా కాదు. అక్టోబర్‌లోనో మార్చిలోనో పోయి 55 వాట్ల ఫ్యాన్లు రెండు ఏడు గంటలు తిప్పితే ఇంకో 770 కలుస్తుంది. అప్పుడు కూడా 1390, ఒకటిన్నర యూనిట్ లోపే.

ఈ లెక్కను తలకిందులు చేసేవి వేడి చేసే సామాన్లు, చల్లబరిచే సామాన్లు. ఎలక్ట్రిక్ కెటిల్ 1500 వాట్లు. ఇండక్షన్ స్టవ్ 1200 నుంచి 2000. నీళ్లలో పెట్టే రాడ్ 1500. ఒక టన్ను ఏసీ 1000 పైన. మొదటి మూడింటికీ గ్యాస్ పొయ్యి ఉంది. కెటిల్ కోసం జనరేటర్ సైజు పెంచిన వాళ్లు ఛాయ్ కోసం ఇంజన్ కొన్నట్టే. మిగిలింది ఏసీ. అసలు ప్రశ్న "ఎన్ని కేవీఏ" కాదు, "ఏసీ కావాలా, వద్దా". వద్దనుకుంటే 1 కేవీఏ మిషన్ దండిగా సరిపోతుంది, బహుశా జనరేటరే అక్కర్లేదు. కావాలనుకుంటే 3 కేవీఏ వైపు పోవాలి, రాత్రంతా నడపాలి, పైన చెప్పిన ప్రమాదమంతా నెత్తిన పెట్టుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య గండికోటలో రాత్రిపూట ఏసీ అడిగేవాళ్లు ఎవరో మరి. మే నెలలో అక్కడ టెంటు వేసేవాళ్లు తక్కువ, వేయకపోవడమే మంచిది.

మిషన్ మీద రాసిన అంకెలు

షాపులో పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది ఎక్కువగా మ్యాక్సిమమ్ అవుట్‌పుట్. అది కొద్ది నిమిషాలు మాత్రమే ఇవ్వగలిగేది. గంటల తరబడి ఇచ్చేది రేటెడ్ అవుట్‌పుట్. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు చూడాల్సింది దాన్నే. కేవీఏ, కిలోవాట్ ఒకటి కావు. ప్లేటు మీద వాట్లు విడిగా రాసి లేకపోతే, 2 కేవీఏ అంటే 1600 వాట్లు అని 80 శాతం లెక్క వేసుకోవడం క్షేమం.

మోటారున్న సామాను స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే రెండు నుంచి ఐదు రెట్లు లాగుతుంది. చిన్న ఫ్రిజ్ నడిచేటప్పుడు 120 వాట్లే అయినా స్టార్టింగ్‌లో 600 దాకా పోవచ్చు. పాత రకం ఏసీకి 2 కేవీఏ మిషన్ ఊపిరి బిగబట్టి ఆగిపోయేది అందుకే. ఇన్వర్టర్ ఏసీ నెమ్మదిగా వేగం అందుకుంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ.

రాయలసీమలో ఇంకో కోత ఉంది. వేడి గాలి పలచగా ఉంటుంది, ఇంజన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీలతో పోలిస్తే 43 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత దాదాపు 6 శాతం తక్కువ, మిషన్ బలమూ కొంచుమించు అంతే తగ్గుతుంది. చలికాలం ట్రిప్పులకు దీన్ని పట్టించుకోనక్కర్లేదు. వేసవి ఉరుసుల్లో స్టాల్ పెట్టేవాళ్లు మాత్రం పట్టించుకోవాలి.

ఇన్వర్టర్ రకమా, మామూలు రకమా

మామూలు పెట్రోల్ జనరేటర్ లోడు ఉన్నా లేకున్నా నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే. 50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే అదే దారి. ఒక్క బల్బు వెలిగించినా ఇంజన్ అదే అరుపు అరుస్తుంది. ఇన్వర్టర్ రకంలో ముందు వచ్చిన కరెంటును డీసీగా మార్చి, ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో మళ్లీ 50 హెర్ట్జ్ ఏసీ చేస్తారు. అందుకని లోడు తగ్గితే ఇంజన్ వేగం తగ్గించుకోవచ్చు. శబ్దం తగ్గుతుంది, పెట్రోల్ తగ్గుతుంది, ల్యాప్‌టాప్, సీప్యాప్ లాంటి సున్నితమైన వాటికి వచ్చే కరెంటు కూడా శుభ్రంగా ఉంటుంది.

ధర ఎక్కువ. "పెట్రోల్ మిగులుతుంది, ఆ తేడా వచ్చేస్తుంది" అని అమ్మేవాళ్లు చెప్తారు. లెక్క వేసి చూద్దాం. 2 కేవీఏ మిషన్ మీద 200 వాట్ల చిన్న లోడు ఎనిమిది గంటలు నడిపితే ఇన్వర్టర్ రకం సుమారు 3 లీటర్లు, మామూలు రకం సుమారు 6 లీటర్లు తాగుతుంది. లీటరు 110 రూపాయల లెక్కన రాత్రికి 330 మిగులు. ఏడాదికి నాలుగు రాత్రులంటే 1320 రూపాయలు. వేలల్లో ఉన్న ధర తేడా దీనితో తీరాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి పెట్రోల్ ఆదా కోసం ఇన్వర్టర్ రకం కొనకండి. నిశ్శబ్దం కోసం, మంచి కరెంటు కోసం కొనండి. ఆ రెండూ కావాల్సినవే.

అదే లెక్కలో ఇంకో వింత కనిపిస్తుంది. ఆ రాత్రి వాడుకున్నది 1.6 యూనిట్లు. మామూలు రకం మీద 660 రూపాయల పెట్రోల్ కాలింది. యూనిట్ 400 రూపాయలు దాటింది. ఇంట్లో మనం పది రూపాయల లోపు కట్టే యూనిట్ ఇది. పెద్ద మిషన్ మీద చిన్న లోడు పెడితే జరిగేది ఇదే. "రేపు వలీమాకూ పనికొస్తుంది, ఒక సైజు పెద్దదే తీసుకుందాం" అనే ఆలోచన ఇక్కడే దెబ్బ కొడుతుంది. వలీమాకు కావాల్సింది షామియానా లైట్లు, సౌండు, కూలర్లు మోసే డీజిల్ సెట్. దాన్ని ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకోవడమే చవక. క్యాంపు మిషన్ ఇద్దరు మనుషులు ఎత్తగలిగేదిగా ఉండాలి. ఒక్కరే ఎత్తగలిగితే ఇంకా మంచిది.

డీజిల్ సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, రోజూ గంటల తరబడి పెద్ద లోడు నడిపేవాళ్లకు అది. క్యాంపుకు బరువెక్కువ, వణుకెక్కువ. ఇంటి గ్యాస్ సిలిండర్‌తో జనరేటర్ నడిపే కిట్ల జోలికి పోకండి, ఇంటి సిలిండర్‌ను వేరే పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం.

శబ్దం: ఎన్ని డెసిబెల్స్ అని కాదు, ఎంత దూరంలో అని అడగండి

పెట్టె మీద "కేవలం 58 డెసిబెల్స్" అని ఉంటుంది. ఎన్ని మీటర్ల దూరంలో, ఎంత లోడు మీద కొలిచారో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 75 ఉన్నది 8 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 57 అవుతుంది. ఒకరు దగ్గర కొలిచి, ఇంకొకరు 7 మీటర్ల దగ్గర పావు లోడు మీద కొలిచి రాస్తే రెండింటినీ పోల్చలేం.

దీని నుంచి ఒక చవకైన ఉపాయం బయటపడుతుంది, పొడవు కేబుల్. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 20 మీటర్లు తీసుకుంటే కిలోవాట్ లోడుకు వోల్టేజి తగ్గేది ఒకటి రెండు వోల్టులే. శబ్దం దూరమవుతుంది, పొగా దూరమవుతుంది. లక్ష రూపాయల నిశ్శబ్దం మిషన్‌ను టెంటు పక్కనే పెట్టుకోవడం కంటే సాధారణ మిషన్‌ను దూరంగా పెట్టడం మేలు. కేబుల్ చివర ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు పెట్టించుకోండి, పిల్లలు తిరిగే చోటు కదా.

శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో హద్దు 45 డెసిబెల్స్. గండికోట కాలనీ కాదనేవాళ్లు ఉంటారు. కానీ పక్క టెంటులో పసిపిల్లలు పడుకుని ఉంటారు, కోట లోపల ఊరు ఉంది, ఎదుట రాతి లోయ ఉంది, ఆ రాళ్లు చప్పుడును తిప్పి కొడతాయి. ఇషా తర్వాత భోజనాలు ముగించి 10కి మిషన్ ఆపేయడం మర్యాద.

ఇక కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. జామియా మసీదు, మాధవరాయ గుడి చుట్టుపక్కల టెంట్లు, మిషన్లు కుదరవు. నల్లమల టైగర్ రిజర్వు, లంకమల్ల అభయారణ్యం వైపైతే అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి బసే లేదు, జనరేటర్ మాట దేవుడెరుగు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. అలాంటి చోట శబ్దం, వెలుతురు రెండూ నేరమే అనుకోవాలి.

అసలు బ్యాటరీ సరిపోదా?

పై లెక్కలో చలికాలం రాత్రి అవసరం 620 వాట్-అవర్లు. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1280 ఉంటుంది, ఇన్వర్టర్ తినేది పోను 1100 చేతికొస్తుంది. శబ్దం లేదు, పొగ లేదు, టెంటు పక్కనే పెట్టుకోవచ్చు. ఇంట్లో ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని మోసుకుపోయే వాళ్లూ ఉన్నారు. అందులో సగమే వాడుకోవాలి, బరువు 50 కిలోలు దాటుతుంది, గతుకుల్లో యాసిడ్ ఒలుకుతుంది. అత్యవసరమైతే తప్ప ఆ పని వద్దు.

బ్యాటరీ ఎలా నిండుతుందంటే, దారిలోనే. బండి ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టించుకుంటే గంటకు 380 వాట్-అవర్ల దాకా ఎక్కుతుంది. కర్నూలు నుంచి గండికోట చేరే మూడు గంటల్లో బ్యాటరీ దాదాపు నిండిపోతుంది. ఆల్టర్నేటర్ సామర్థ్యం చూసి, తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతనే ఈ వైరింగ్ చేయించాలి. మధ్యలో ఫ్యూజ్ తప్పనిసరి.

రెండో రాత్రికి సోలార్ ఉంది. కర్నూలు దగ్గర గని, శకునాల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది ఊరికే కాదు, ఈ ప్రాంతపు ఎండ అలాంటిది. 200 వాట్ల మడత ప్యానెల్ తేటగా ఉన్న చలికాలం రోజున 800 వాట్-అవర్లకు అటూ ఇటూ ఇస్తుంది. ఒక రాత్రి ఖర్చు తిరిగి వచ్చేసినట్టే. మబ్బు పట్టిన రోజు మాత్రం ఇందులో సగం కూడా రాదు.

కాబట్టి ఒకటి రెండు రాత్రుల ట్రిప్పుకు బ్యాటరీతోనే పని గడిచిపోతుంది. మూడు రాత్రులు దాటితే, పదిహేను మంది ఉంటే, లేదా ఫ్రిజ్ తప్పదనుకుంటే అప్పుడు 1 కేవీఏ ఇన్వర్టర్ జనరేటర్ తోడు తెచ్చుకోండి. దాన్ని రాత్రంతా నడపొద్దు. సాయంత్రం అసర్ నుంచి ఇషా మధ్య రెండు మూడు గంటలు నడిపి బ్యాటరీ నింపుకుని ఆపేయండి. మిషన్ నిండు లోడు మీద నడుస్తుంది కాబట్టి పెట్రోల్ గిట్టుబాటవుతుంది, అందరూ మెలకువగా ఉంటారు కాబట్టి ప్రమాదమూ తగ్గుతుంది. ఇక్కడ చార్జర్ ఆంపియర్లు చూసుకోవాలి. 10 ఆంపియర్ల చార్జర్‌తో 100 ఏహెచ్ బ్యాటరీకి పది గంటలు పడుతుంది, 40 ఆంపియర్లదైతే రెండున్నర గంటలు.

సీప్యాప్ మీద ఆధారపడే మనిషి ఉంటే బ్యాటరీనే నమ్మండి. తెల్లవారుజామున పెట్రోల్ అయిపోయి ఆగిపోయే మిషన్‌కు ఆయన ఊపిరిని అప్పగించకూడదు. ఇన్సులిన్ కోసం ఫ్రిజ్ మోయనక్కర్లేదు, ఐస్ తగలకుండా గుడ్డ చుట్టిన డబ్బాలో, చల్లటి పెట్టెలో రెండు మూడు రోజులు ఉంచుకోవచ్చు. డాక్టర్‌ను ఒకసారి అడిగి బయల్దేరండి.

కొనడమా, అద్దెకా

60 వేలు పెట్టి కొన్నారనుకుందాం. ఏడాదికి నాలుగు రాత్రులు, ఐదేళ్లు. ఇరవై రాత్రులకు పంచితే పెట్రోల్ కాకుండానే రాత్రికి 3000. అద్దె ఇంతకంటే తక్కువకు దొరికితే కొనడంలో అర్థం లేదు. ఊళ్లో కరెంటు పోయినప్పుడు షాపుకు వాడుకుంటాం, ఉరుసులో స్టాల్ పెడతాం అనేవాళ్లకు లెక్క వేరు. కొనేటప్పుడు కర్నూలులోనో కడపలోనో సర్వీసు సెంటర్ ఉందా, కార్బొరేటర్, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ విడిగా దొరుకుతాయా అని అడగండి. పేరు తెలియని మిషన్ చవకగా వచ్చి, చిన్న రబ్బరు ముక్క దొరక్క మూలన పడటం మామూలే. ఇంకో సంగతి, ముందు ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. టెంట్లు అద్దెకిచ్చే చాలామంది లైటు, చార్జింగ్ వాళ్లే ఇస్తారు. హరిత హోటల్ వైపు కరెంటు ఉండనే ఉంది.

పెట్రోల్‌ను నీళ్ల బాటిళ్లలో తీసుకెళ్లొద్దు, మూత గట్టిగా పట్టే ఇనుప క్యాన్ వాడండి. మనుషులు కూర్చున్న క్యాబిన్‌లో పెట్టకండి. వేడి మీదున్న మిషన్‌లో పెట్రోల్ పోయొద్దు, ఆపి పావుగంట ఆగండి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి దుమ్ము, సిమెంటు దుమ్ము ఎక్కువ. ప్రతి ట్రిప్పు తర్వాత స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను లాగుతుంది. నెలకు మించి వాడకపోతే ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేయాలి. వచ్చే నవంబర్‌లో తాడు లాగి లాగి చెయ్యి నొప్పి పుట్టినా స్టార్ట్ కాని మిషన్లలో ఎక్కువ భాగం ఇలా ఖాళీ చేయకుండా పెట్టినవే.